వెన్నుపాము దెబ్బ తగిలిన లైన్‌మన్‌ని వీఆర్ఎస్ తీసుకోమంటే

కావలి దగ్గర పర్మనెంట్ లైన్‌మన్‌గా చేస్తున్న మీ తమ్ముడు కరెంటు స్తంభం మీద నుంచి పడ్డాడని, నడుము కింద చచ్చుబడిందని, ఆఫీసులో వీఆర్ఎస్ తీసుకోమంటున్నారని రాశారు. ముందు ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షన్ చూడండి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లను ప్రభుత్వ సంస్థ తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. స్తంభం ఎక్కలేకపోతే అదే పే స్కేలుతో వేరే పోస్టు ఇవ్వాలి. అలాంటి పోస్టు లేకపోతే, దొరికేదాకానో రిటైరయ్యేదాకానో సూపర్‌న్యూమరరీ పోస్టులో, అంటే ఉన్న పోస్టులకి అదనంగా సృష్టించిన పోస్టులో ఉంచాలి. ప్రభుత్వ డిస్కమ్‌లకీ, అంటే కరెంటు పంపిణీ సంస్థలకీ ఇది వర్తిస్తుంది. ఆ సెక్షన్ పేరు రాసి అర్జీ ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. నోటిమాటలు నమ్మొద్దు.

నాకా అదృష్టం లేదు. చీమకుర్తిలో ప్రైవేటు గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్‌గా ఉండగా వెన్నుపాముకి దెబ్బ తగిలింది, టి12 అనే వీపు కింది భాగపు పూస దగ్గర. కొన్నాళ్లు ఇంటి ముందు జిరాక్స్ షాపు పెట్టాను. అయ్యో పాపం అనడానికి ఊరంతా వచ్చేది, జిరాక్స్ మాత్రం పక్క షాపులో తీయించుకునేది! ఇప్పుడు ఒంగోలులో ఒక పాలిషింగ్ యూనిట్‌లో ఈ-వే బిల్లులు, జీఎస్టీ లెక్కలు చూస్తున్నాను.

ఈ ఉద్యోగం నిలబడిందంటే సగం కారణం బాత్రూమే. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి కేథెటర్, అంటే మూత్రం తీసే గొట్టం వేసుకోవాలి. అక్కడికి వీల్‌చైర్ పోకపోతే మనిషి నీళ్లు తాగడం మానేస్తాడు. మన రోహిణి ఎండల్లో అలా చేస్తే యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి మంచానపడతాడు. అందుకే చేరకముందే ఓనరుని అడిగి తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించుకున్నాను, కమోడ్ పక్కన గోడకి జీఐ పైపు బిగించారు. కార్పెంటర్‌కి పూటపని. ఇంకోటి, పిరుదుల మీద పుండ్లు. స్పర్శ ఉండదు కాబట్టి పుండు పడినా తెలియదు, పడిందంటే నెలల తరబడి బోర్లా పడుకోవాల్సిందే. సెలవులన్నీ దానికే అయిపోతాయి. ఫోన్‌లో అలారం పెట్టుకుని అరగంట లోపే చేతుల మీద ఒళ్లు పైకెత్తుతుంటాను. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఎక్సర్‌సైజ్ అనుకుంటారు, అనుకోనీ.

ఇవన్నీ నేర్పే చోటు మనకి దూరమేం కాదు, వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆస్పత్రి. అక్కడి పునరావాస కేంద్రం 1966లో మొదలైంది, నడిపించింది డాక్టర్ మేరీ వర్గీస్. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆవిడకీ నడుము కింద చచ్చుబడింది. వీల్‌చైర్‌లో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేశారు. మీ తమ్ముడికి ఆవిడ సంగతి చెప్పండి, మనమిచ్చే ధైర్యం కంటే అది నయం.

బిల్లింగ్, స్టోర్స్ లెక్కలు, ఫిర్యాదుల ఫోన్లు తీసుకునే సీటు, వీటిలో ఏదైనా అడగొచ్చు. కాకపోతే గ్రౌండ్ ఫ్లోర్, ర్యాంప్, వీల్‌చైర్ పట్టే బాత్రూమ్ అని అర్జీలోనే రాయండి. పోస్టింగ్ ఆర్డర్ వచ్చాక అడిగితే తిప్పుతారు.