సెల్ఫ్ టిక్‌మని ఆగిపోతోంది – సమాధానం

అన్నా, కొత్త బ్యాటరీ వేసినా మినీ ట్రాక్టర్ కీ తిప్పితే టిక్‌మని ఆగిపోతా ఉంది, లైట్లు కూడా డల్ అయిపోతున్నాయి అన్నావు కదా, అప్పుడే సెల్ఫ్ మోటార్ (ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసేది) ఇప్పించబాక. టిక్ వస్తోందంటే క్లచ్ స్విచ్, న్యూట్రల్ స్విచ్ దాటి సొలినాయిడ్ (సెల్ఫ్‌కి పెద్ద కరెంటు కలిపే స్విచ్) దాకా కరెంటు పోతానే ఉంది, వాటి జోలికి పోబాక.

నా అనుమానం ఎర్త్ వైరు (బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్ బాడీకి పోయేది) మీదే. నెల్లూరు జిల్లా బోగోలు వైపు ఉప్పుగాలికి టెర్మినల్స్, బోల్ట్‌లు ఊరికే చిలుమెక్కుతాయి, పైకి బాగానే కనిపిస్తాయి గానీ.

న్యూట్రల్‌లో పెట్టి బ్రేక్ వేసి, మల్టీమీటర్ డీసీ 20లో పెట్టుకో. ముందు బ్యాటరీ చూడు, ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఉండాల, ఎవరైనా కీ తిప్పేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ ఛార్జ్ లేకపోవడమో సెల్ఫ్ పట్టేసి ఉండటమో. పడలేదా, మీటరు ఎర్ర వైరు ఇంజన్ బ్లాక్‌కి, నల్లది బ్యాటరీ మైనస్ పోస్ట్‌కే (దానికి బిగించిన క్లాంప్‌కి కాదు) ఆనించి మళ్లీ కీ తిప్పించు, అర వోల్టు దాటి చూపిస్తే దొంగ ఎర్త్ దగ్గర దొరికినట్టే.

బ్యాటరీ మైనస్ ముందు ఇప్పు, బిగించేటప్పుడు చివర్లో పెట్టు. ఎర్త్ బోల్ట్ కింద పెయింటు ఉంటే మెరిసేదాకా ఎమరీ పేపర్‌తో గీకి, బిగించాక పైన వ్యాజలిన్ పుయ్యి. ఎలుకలు కొరికాయేమో వైరు పొడుగునా ఓసారి తడిమి చూడు.

స్టార్ట్ అయ్యాక బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టులు రావాల, రాకపోతే డైనమో (బ్యాటరీని ఛార్జ్ చేసేది) సంగతి, రీడింగులు పెట్టు చూద్దాం.