డెబ్బై కౌంటర్లు, ఒకటే డేటాబేస్

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. ఎనుమాముల యార్డులో అడ్తి (కమీషన్) దుకాణాలకు తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే లెక్క చీటీలు కొట్టే ప్రోగ్రాం నేనే రాశాను. ప్రతి కంప్యూటర్ నుంచీ నేరుగా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌కు కనెక్ట్ అవుతుంది. 10 కౌంటర్లున్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఈ మిర్చి సీజన్‌కు 70 అయ్యాయి. జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) అయిపోయి కాంటాలు మొదలయ్యేసరికి అన్నీ హ్యాంగవుతున్నాయి. 'సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్‌రెడీ' అని వస్తోంది. కనెక్షన్ల హద్దు 500కి పెంచితే ఇంకా నెమ్మదించింది. ఒకటే టెన్షన్. కొత్త సర్వర్ కొనాలా?

జవాబు: ఇప్పుడే కొనకండి. పోస్ట్‌గ్రెస్‌లో మనం మార్చకపోతే హద్దు 100 కనెక్షన్లు. 70 కౌంటర్లకే అది నిండిందంటే, మీ ప్రోగ్రాం చాలా చోట్ల రెండేసి తెరుస్తోందన్నమాట. ముందు అది వెతకండి. ప్రతి కనెక్షన్‌కూ సర్వర్‌లో విడిగా ఒక ప్రాసెస్ నడుస్తుంది, మెమరీ తీసుకుంటుంది. 500 చేసినప్పుడు పెరిగింది పని కాదు, తోపులాట.

పదిహేనేళ్ల కింద కరీంనగర్‌లో ఒక చిట్టీల ఆఫీసుకు ఇలాంటిదే రాసిచ్చాను. నెల మొదటి వారం సాయంత్రాలు పది కౌంటర్లూ ఒకేసారి ఆగిపోయేవి. రెండు రోజులు సర్వర్ ముందు కూర్చుంటే ప్రాసెసర్ ఖాళీగానే కనపడింది. మూడో రోజు కౌంటర్ వెనక నిలబడ్డాను. గుమాస్తా రసీదు స్క్రీన్ తెరిచి, పేరు కొట్టి, ఐదు వందల నోటు పట్టుకుని చిల్లర కోసం పక్క దుకాణానికి పోయాడు. నా ప్రోగ్రాం స్క్రీన్ తెరవగానే ట్రాన్సాక్షన్ (డేటాబేస్ ఒక్క కట్టగా పూర్తిచేసే పని) మొదలుపెట్టి, రసీదు నంబర్ తీసుకుని, సేవ్ కొట్టేదాకా ఆ నంబర్ వరుసకు తాళం వేసి ఉంచేది. అతను వచ్చేదాకా మిగతా తొమ్మిది మందీ దాని కోసమే ఆగారు. అతని తప్పేం లేదు, తప్పంతా నాది. ఆ క్యూలో పిల్లల్ని చంకనేసుకుని నిలబడ్డ ఆడవాళ్ల ముఖాలు ఇంకా గుర్తే.

మీ దగ్గరా ఇదే జరుగుతోందని నా అనుమానం. హ్యాంగైనప్పుడు ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపించే పీజీ_స్టాట్_యాక్టివిటీ పట్టిక తెరిచి చూడండి. 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' (ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే కూర్చున్నది) అని నిమిషాల తరబడి ఉన్న వరుసలు కనపడితే దొంగ దొరికినట్టే.

బస్తాలు, తూకం, ధర, హమాలీ కూలీ అన్నీ ముందు కౌంటర్ కంప్యూటర్‌లోనే నింపించండి. సేవ్ కొట్టాకే ట్రాన్సాక్షన్ మొదలవ్వాలి, రాసేసి వెంటనే కమిట్ (ఖాయం) కావాలి. తక్‌పట్టీ నంబర్‌కు సీక్వెన్స్ (డేటాబేసే వరుసగా నంబర్లిచ్చే సదుపాయం) వాడితే ఎవరూ ఎవరికోసమూ ఆగరు. కాకపోతే మధ్యలో రద్దయిన నంబర్ మళ్లీ రాదు. లెక్కల్లో ఒక్క నంబర్ కూడా తప్పిపోవద్దంటే దుకాణానికో నంబర్ల వరుస పెట్టి, కమిట్‌కు ముందు చిట్టచివరి అడుగులో నంబర్ తీసుకోండి. అప్పుడు ఒక దుకాణం ఆగినా పక్క దుకాణానికి తగలదు.

కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ అనే ప్రోగ్రాం ఆ తర్వాతే. ఈ క్రమం తప్పొద్దు. కాంటా మీదికి బస్తా ఎక్కుతుంది, తూగుతుంది, దిగుతుంది. అందుకే ఒక్క కాంటాతో అన్ని బస్తాలు తూగుతాయి. పీజీబౌన్సర్‌ను ట్రాన్సాక్షన్ మోడ్‌లో పెడితే 70 కౌంటర్లూ 16, 20 అసలు కనెక్షన్లనే అలా పంచుకుంటాయి. 8 కోర్ల సర్వర్‌కు అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు. ట్రాన్సాక్షన్లు సరిచేయకుండా దీన్ని పెడితే మాత్రం 20 మంది గుమాస్తాలు టీకి పోతే చాలు, కాంటాలన్నీ నిండిపోతాయి. ఈ మోడ్‌లో సెషన్ మీద ఆధారపడే సెట్టింగులు నిలవవు, కోడ్‌లో అవి ఉంటే తీసేయండి.

రైతు పేరు వెతికేటప్పుడు ముందు పర్సంట్ గుర్తు పెట్టి లైక్ వాడుతున్నారేమో చూడండి. దానికి మామూలు ఇండెక్స్ (త్వరగా వెతికేందుకు పెట్టే సూచిక) పనికిరాదు, టేబుల్ మొత్తం చదువుతుంది.

యార్డు సెలవు రోజున నాలుగైదు ల్యాప్‌టాప్‌ల నుంచి 70 క్లయింట్లు నడపండి. ఒకదాంట్లో తక్‌పట్టీ స్క్రీన్ తెరిచి, సగం నింపి, అలాగే వదిలేసి బయటికి రండి. మిగతా 69 ఆగకుండా పట్టీలు కొడుతుంటే, మర్నాడు ధైర్యంగా కౌంటర్లు తెరవండి.