పాత పేర్లు వాడితే కొత్త గేమ్ ఆగిపోతుందా?

ప్రశ్న: అమెరికా పశ్చిమ ప్రాంతం నేపథ్యంగా రాబోతున్న ఒక ఓపెన్ వరల్డ్ గేమ్ కోసం చాలాకాలంగా ఎదురుచూస్తున్నాను. ట్రైలర్‌లో 19వ శతాబ్దం నాటి ఒక డిటెక్టివ్ ఏజెన్సీ పేరు, కొందరు నిజమైన బందిపోట్ల పేర్లు కనిపించాయి. ఆ ఏజెన్సీ ఇప్పటికీ కంపెనీగా నడుస్తోందట. గేమ్ తయారుచేసేవాళ్లకు లీగల్ నోటీసు కూడా పంపిందట. ఇక గేమ్ రాదని కొందరు, పేర్లన్నీ మార్చేసి చప్పగా వదులుతారని కొందరు అంటున్నారు. నేను ఇప్పటికే ప్రీ-ఆర్డర్ చేశాను. కోర్టు నిజంగా గేమ్‌ను ఆపగలదా? ఆర్డర్ ఉంచుకోవాలా, రద్దు చేసుకోవాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆపే అధికారం కోర్టుకు ఉంది. కానీ మీరు చెప్పిన కారణాలతో ఆపే అవకాశం చాలా తక్కువ. పేర్లు మారే అవకాశం మాత్రం కొంత ఉంది. అదీ ఎక్కువసార్లు కోర్టు చెప్పినందువల్ల కాదు, స్టూడియో సొంత లాయర్లే జాగ్రత్తపడటం వల్ల. గేమ్ పేరు మీరు రాశారు గానీ, ఆ నోటీసు నేను చూడలేదు కాబట్టి ఆ పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. గేమ్ తీసేది అమెరికా కంపెనీ, కథ అక్కడిది, దావా వేస్తే అక్కడే వేస్తారు. అందుకని అమెరికా చట్టం ప్రకారమే చెబుతున్నాను.

మీరు వర్ణించిన పరిస్థితి ఇంతకుముందే ఒకసారి దాదాపు ఇలాగే వచ్చింది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అనే గేమ్ కథ 1899లో జరుగుతుంది. అందులో బందిపోటు ముఠాను వెంటాడేది పింకర్టన్ ఏజెంట్లు. పింకర్టన్ కల్పితం కాదు. అలన్ పింకర్టన్ షికాగోలో పెట్టిన ఆ ఏజెన్సీ ఇప్పుడు స్వీడన్‌కు చెందిన సెక్యూరిటాస్ అనే పెద్ద భద్రతా సంస్థ చేతిలో ఉంది. గేమ్ 2018 అక్టోబర్ 26న విడుదలైంది. డిసెంబర్‌లో పింకర్టన్ నుంచి ప్రచురణకర్త టేక్-టూకి నోటీసు వెళ్లింది. మా పేరు, మా బ్యాడ్జి అనుమతి లేకుండా వాడారు, మమ్మల్ని విలన్లుగా చూపించారు, ఏకమొత్తంగానో రాయల్టీగానో డబ్బు కట్టండి అని దాని సారాంశం.

టేక్-టూ డబ్బు కట్టలేదు, పేరు తీసేయలేదు. 2019 జనవరిలో తానే న్యూయార్క్ ఫెడరల్ కోర్టుకు వెళ్లి, మేం తప్పు చేయలేదని డిక్లరేషన్ ఇవ్వండి అని దావా వేసింది. ఏప్రిల్ వచ్చేసరికి పింకర్టన్ తన డిమాండ్లు వెనక్కి తీసుకుంది, టేక్-టూ దావా ఉపసంహరించుకుంది. తీర్పు రాలేదు కాబట్టి వేరే కేసుల్లో దాన్ని నజీరుగా, అంటే ఆధారమైన పాత తీర్పుగా చూపలేం. అయినా ఆ పేరు ఆటలో ఇప్పటికీ అలాగే ఉంది. విలన్లుగా చూపారన్న ఫిర్యాదు గురించి నాకొక్కటే అనిపిస్తుంది: 1875లో బందిపోటు జెస్సీ జేమ్స్ తల్లి ఇంటి మీద దాడి చేసి ఒక పిల్లవాడి ప్రాణం, ఆ తల్లి చేయి పోవడానికి కారణమైనది, 1892లో హోమ్‌స్టెడ్ ఉక్కు కార్మికుల సమ్మె మీదికి సాయుధులను పంపినది ఈ ఏజెన్సీయే. ఆ చెడ్డపేరు గేమ్ పుట్టించింది కాదు.

టేక్-టూకి అంత ధైర్యం ఎక్కడిదంటే, చట్టం ఎక్కువగా దాని వైపే ఉంది. వీడియో గేమ్ కూడా పుస్తకం, నాటకం, సినిమాలాంటి వ్యక్తీకరణేనని, దానికీ రాజ్యాంగం మొదటి సవరణ ఇచ్చే భావప్రకటన స్వేచ్ఛ రక్షణ ఉందని అమెరికా సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది. పిల్లలకు హింసాత్మక గేములు అమ్మకూడదన్న కాలిఫోర్నియా చట్టాన్ని కొట్టేసిన తీర్పు అది. ట్రేడ్‌మార్క్ గొడవల్లో దీనికి తోడు 1989 నాటి రోజర్స్ వర్సెస్ గ్రిమాల్డి తీర్పు ఉంది. నటి జింజర్ రోజర్స్ తన పేరు ఒక సినిమా టైటిల్‌లో వాడారని వేసిన కేసు అది. అందులో కోర్టు రెండు ప్రశ్నలు పెట్టింది. ఆ పేరుకు కళాకృతితో ఏదైనా సంబంధం ఉందా? ఉంటే, దీన్ని మేమే తీశాం, మేమే ఒప్పుకున్నాం అని ఆ పేరు గలవారు చెబుతున్నట్టు జనాన్ని స్పష్టంగా తప్పుదోవ పట్టిస్తోందా? మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అని జవాబొస్తే వాది ఓడిపోయినట్టే.

ఇదే కొలతతో 2008లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, రెడ్ డెడ్ గేములు తీసిన రాక్‌స్టార్ కంపెనీని గెలిపించింది. లాస్ ఏంజెలెస్‌లోని ప్లే పెన్ అనే క్లబ్బు, రాక్‌స్టార్ వారి గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్ గేమ్‌లో కనిపించే పిగ్ పెన్ క్లబ్బు మాదేనంటూ వేసిన కేసు అది. 2020లో హమ్వీ సైనిక వాహనాల తయారీదారు ఏఎం జనరల్, కాల్ ఆఫ్ డ్యూటీ అనే యుద్ధ గేమ్ మీద వేసిన కేసూ నిలవలేదు. యుద్ధాన్ని నిజంలా చూపడం కళాత్మక లక్ష్యమే, సైన్యాలు నిజంగా వాడే వాహనం కనిపిస్తే ఆ లక్ష్యం నెరవేరుతుంది అన్నది ఆ జడ్జి తర్కం. మీ గేమ్‌కు దీన్ని అన్వయించుకోండి. ఆ కాలం రైల్వే కంపెనీలు, బ్యాంకులు బందిపోట్లను పట్టడానికి ప్రైవేటు డిటెక్టివ్‌లను పెట్టుకున్నాయన్నది చరిత్ర. ఆ కథ చెప్పేటప్పుడు ఆ పేరు రాకపోతేనే వింత.

అయితే ఒక మెలిక ఉంది. 2023 జూన్‌లో జాక్ డేనియల్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ రోజర్స్ రక్షణను కుదించింది. విస్కీ సీసాను పోలిన, కుక్కలు ఆడుకునే బొమ్మ అమ్మిన కంపెనీతో వచ్చిన తగాదా అది. ఇతరుల మార్కును మీ సరుకు ఎవరిదో చెప్పే గుర్తుగా వాడుకుంటే మొదటి సవరణ పేరుతో తప్పించుకోలేరని కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. కాబట్టి ట్రైలర్ మళ్లీ ఒకసారి చూడండి. ఆ ఏజెన్సీ పేరు పాత్రల సంభాషణల్లో, గోడమీది పోస్టర్లలో, బ్యాడ్జిమీద మాత్రమే ఉంటే నాకేమీ భయం కనిపించదు. గేమ్ టైటిల్‌లో ఉన్నా, డబ్బామీద లోగోలా వాడినా, దానిమీద టోపీలు, చొక్కాలు అమ్ముతున్నా, నోటీసు పంపినవాళ్ల చేతికి బలమైన వాదన ఇచ్చినట్టే.

బందిపోట్ల సంగతి దీనికన్నా తేలిక. చనిపోయినవాళ్లకు అమెరికాలో పరువునష్టం దావా ఉండదు. పేరు, రూపం మీద హక్కు కొన్ని రాష్ట్రాల్లో మరణం తర్వాతా వారసులకు కొనసాగుతుంది: కాలిఫోర్నియాలో 70 ఏళ్లు, ఇండియానాలో 100 ఏళ్లు. బిల్లీ ద కిడ్ పోయింది 1881లో, జెస్సీ జేమ్స్ 1882లో. ఏ లెక్కన చూసినా గడువు ఎప్పుడో దాటింది. వీళ్లకన్నా చాలా ఆలస్యంగా, 1929లో లాస్ ఏంజెలెస్‌లో చనిపోయిన ఆ కాలపు పోలీసు అధికారి వయట్ ఎర్ప్ విషయంలో కూడా 70 ఏళ్లు 1999తోనే అయిపోయాయి. 1934లో చనిపోయిన బ్యాంకు దొంగ జాన్ డిల్లింజర్ పేరుమీద హక్కులున్నాయన్న సంస్థ, గాడ్‌ఫాదర్ గేముల్లో ఒక తుపాకీకి ఆ పేరు పెట్టారని గేమ్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ మీద దావా వేసి 2011లో ఓడిపోయింది. ఆ హక్కు ఇచ్చే ఇండియానా చట్టం 1994లో వచ్చింది, అంతకుముందే పోయినవారికి వర్తించదు అన్నది అప్పట్లో కోర్టు చెప్పిన కారణాల్లో ఒకటి.

బతికున్నవాళ్ల విషయం వేరు. కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఉన్నది ఉన్నట్టు గేములో పెట్టినందుకు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2013లో రెండు అప్పీలు కోర్టుల్లో దెబ్బతింది. కౌబాయ్‌ల గేములో ఆ ఇబ్బంది రావాలంటే ఏ నటుడి ముఖాన్నో అనుమతి లేకుండా వాడి ఉండాలి.

ఇక గేమ్ ఆపడం గురించి. నోటీసుకు, దావాకు, కోర్టు ఇచ్చే స్టేకు మధ్య చాలా దూరం ఉంది. నోటీసు ఎవరైనా పంపొచ్చు, అది లాయరు రాసిన ఉత్తరం మాత్రమే. విడుదల ఆగాలంటే దావా వేసి, తీర్పు వచ్చేలోగా మధ్యంతర ఇంజంక్షన్ (తాత్కాలికంగా ఆపే ఉత్తర్వు) కావాలని విడిగా మోషన్ (దరఖాస్తు) పెట్టాలి. చివరికి గెలిచే అవకాశం తమకే ఉందని జడ్జిని నమ్మించాలి. డబ్బుతో పూడ్చలేని నష్టం కూడా చూపాలి. 2020 చివర్లో వచ్చిన ట్రేడ్‌మార్క్ చట్ట సవరణ ఈ రెండో విషయంలో వాదులకు కొంత వెసులుబాటు ఇచ్చింది: గెలిచే అవకాశం చూపితే, అలాంటి నష్టం ఉందనే కోర్టు ముందుగా అనుకుంటుంది. కానీ ట్రైలర్ బయటికొచ్చి నెలలు గడిచినా కదలకుండా కూర్చుని విడుదల ముందు పరుగెత్తుకొస్తే, అంత కొంప మునిగేదైతే ఇన్నాళ్లూ ఏం చేశారని జడ్జి అడుగుతాడు. అందుకే ఆ ట్రైలర్ ఎప్పుడు వచ్చింది, నోటీసు ఎప్పుడు వెళ్లింది అన్న రెండు తేదీలు ఈ వ్యవహారంలో చాలా ముఖ్యం. ఒకవేళ వాది వాదనలో బలం ఉన్నా, ఒక అప్‌డేట్‌తో పేరు మార్చేయగలిగిన చోట మొత్తం గేమ్‌ను ఆపే జడ్జి ఉంటాడని నేననుకోను.

మీరు విన్న రెండో జోస్యం, పేర్లు మారతాయన్నది, కొంత నిజం కావచ్చు. మొదటి రెడ్ డెడ్ రిడెంప్షన్‌లో వించెస్టర్, హెన్రీ అని అసలు తుపాకుల పేర్లే ఉండేవి. రెండో దానిలో అవే తరహా తుపాకులు లాంకస్టర్, లిచ్‌ఫీల్డ్ అయ్యాయి. న్యూ ఆర్లియన్స్‌ను పోలిన ఊరికి సెయింట్ డెనిస్ అని పేరు పెట్టారు, రాష్ట్రాలన్నీ కల్పితాలే. ఆ గేమ్ చప్పగా ఉందని మాత్రం ఎవరూ అనలేదు.

ఆలస్యం అనగానే కోర్టు కేసు అనుకోవడమూ తగ్గించుకోండి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2ను 2016 అక్టోబర్‌లో ప్రకటించి 2017 చివర్లో తెస్తామన్నారు, తర్వాత 2018 వసంతం అన్నారు, చివరికి అక్టోబర్‌కు వచ్చింది. మెరుగులు దిద్దడానికి సమయం కావాలన్నదే కంపెనీ చెప్పిన కారణం. పింకర్టన్ నోటీసు వచ్చింది ఆ తర్వాతే.

మీ డబ్బుకు అసలు ప్రమాదం తక్కువే. స్టీమ్‌లో ప్రీ-ఆర్డర్ చేసి ఉంటే విడుదలకు ముందు ఎప్పుడైనా రద్దు చేసుకుని డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. విడుదలయ్యాక 14 రోజుల లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకపోతే కూడా ఇస్తారు. ముందస్తు యాక్సెస్ ఉన్న ఖరీదైన ఎడిషన్ కొన్నట్టయితే జాగ్రత్త, 2024 నుంచి ఆ ముందు రోజుల్లో ఆడిన సమయాన్నీ ఈ రెండు గంటల్లో కలుపుతున్నారు. వేరే స్టోర్‌లో కొంటే అక్కడి నిబంధన చదవండి, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అమెరికాలోని అమ్మకందారు దగ్గర డిస్కు ఆర్డర్ చేసి ఉంటే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ఉంది: చెప్పిన తేదీకి పంపలేకపోతే ఆ సంగతి మీకు తెలిపి రద్దు చేసుకునే అవకాశం ఇవ్వాలి. ఆలస్యం 30 రోజులు మించితే, మీరు సరేనని స్పష్టంగా చెప్పకుంటే డబ్బు తిరిగి ఇవ్వాలి.

కాబట్టి ఈ నోటీసు పుకారు కోసం ఆర్డర్ రద్దు చేసుకోవాల్సిన పని లేదు. స్టోర్ నిబంధన విడుదల దాకా రద్దుకు వీలిస్తుంటే ఉంచుకోండి. వీలివ్వకపోతే రద్దు చేసుకుని విడుదల రోజు కొనండి. డిజిటల్ కాపీలు అయిపోయేవి కావు, ముందు కట్టినందుకు మీకొచ్చే లాభం ఏదో గుర్రానికి జీను లాంటి బోనస్ తప్ప ఇంకేం లేదు.

పుకారు నిజమో కాదో మీరే చూసుకోవచ్చు కూడా. అమెరికా ఫెడరల్ కోర్టు కాగితాలు పేసర్ (PACER) అనే అధికారిక వ్యవస్థలో దొరుకుతాయి, చాలావాటిని కోర్ట్‌లిసనర్ (CourtListener) అనే సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. ప్రచురణకర్త పేరుతో వెతకండి. పేసర్‌లో కేసే కనిపించకపోతే ఇప్పటికి ఫెడరల్ కోర్టులో దావా లేనట్టే. కేసు ఉంటే, ఫైలింగుల జాబితాలో మధ్యంతర ఇంజంక్షన్ మోషన్ ఉందేమో చూడండి. అది ఉంటే విచారణ తేదీ రాసిపెట్టుకుని నాకు మళ్లీ రాయండి.