ఐదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటావని అడిగితే...

ప్రశ్న: అక్కా, మాది పరకాల దగ్గర ఊరు. ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ డీఎడ్ చేసి, ఆరేళ్లుగా ఆ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. 2024 డీఎస్సీ కొద్దిలో పోయింది. మొన్న హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్ ఇంటర్వ్యూలో "ఐదేళ్ల తర్వాత ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?" అని అడిగారు. నోట మాట రాలేదు. మా అత్తమ్మేమో మామూలు బీఎడ్ చేసి ఈ లైను వదిలేయమంటోంది. నాకు డిగ్రీ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లె, ముందు టెన్షన్ పెట్టుకోకు. ఏడాదికోసారి రెన్యువల్ కోసం ఎదురుచూసే మనిషిని ఐదేళ్ల సంగతి అడిగితే మాట ఎక్కడినుంచి వస్తుంది?

నా సంగతి చెప్తాను. ఆత్మకూరు వైపు నుంచి పదకొండేళ్ల బాబు వచ్చేవాడు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో ఉండని స్థితి), మాట లేదు. రెండేళ్లు వాడికి రూపాయి బిళ్లలు గుర్తుపట్టడం నేర్పాను. మధ్యలో ఒళ్లు బిగబట్టి ఏడ్చేవాడు. మొండితనం అనుకున్నాను. తర్వాత సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మూడు రోజుల శిక్షణకు వెళ్లి, బొమ్మల బోర్డు చేయడం నేర్చుకున్నాను. వరంగల్ చౌరస్తాలో అట్ట కొని నీళ్లు, బాత్రూమ్, అమ్మ, చాలు అని నాలుగు బొమ్మలు అంటించాను. వాడు మొదట వేలు పెట్టింది "చాలు" మీద. రెండేళ్లుగా వాడు చెప్తున్నది అదే. ఆ మాట వాడికి ఇవ్వడం నాకు రాలేదు, అంతే.

ఆ రోజు నుంచి ఏటా జూన్‌లో ఒక్కటే రాసుకునేదాన్ని: ఈ ఏడు నా దగ్గరున్న ఏ పిల్లకు నా చదువు చాలడం లేదు? ఏ శిక్షణకు వెళ్లాలో ఆ పేరే చెప్పేది. నువ్వూ అక్కడే మొదలుపెట్టు. ఇంటర్వ్యూలో కూడా దాచకుండా చెప్పు: "మాట రాని పిల్లలకు బొమ్మలతో చెప్పడం నేర్పాలి, తల్లులకు అది ఇంట్లో చేయడం చూపించాలి, అందుకు స్పెషల్ బీఎడ్ చేయాలనుకుంటున్నాను" అని.

మామూలు బీఎడ్ వద్దు. ఆరేళ్ల అనుభవాన్ని ఎందుకు పారేసుకోవడం? 2024 డీఎస్సీలో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 796 ఎస్జీటీ (చిన్న తరగతుల టీచర్), 220 స్కూల్ అసిస్టెంట్ (పై తరగతుల టీచర్) పోస్టులు ఇచ్చారు. నీ డీఎడ్‌తో ఎస్జీటీకే పోటీ పడ్డావు. స్పెషల్ బీఎడ్ ఉంటే రెండో దారి కూడా తెరుచుకుంటుంది. చేరే ముందు ఆ కోర్సుకు, ఆ కాలేజీకి ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉందో లేదో చూసుకో. లేకపోతే పట్టా చేతిలో ఉన్నా రిజిస్ట్రేషన్ రాదు. ఇందులో చాలామంది మోసపోయారు, అందుకే గట్టిగా చెప్తున్నాను.

అత్తమ్మకు ఒక మాట చెప్పు. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపైన పదిహేనుమందికి ఒకరు స్పెషల్ టీచర్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ మండలంలో అంతమంది ఉన్నారా అని ఆమెనే అడుగు.

ఈ వారం రెండు పనులు చెయ్యి. ఆర్‌సీఐ సర్టిఫికెట్ గడువు ఎప్పటిదాకా ఉందో చూసి, రెన్యువల్‌కు కావాల్సిన సీఆర్ఈ (పనిలో ఉంటూ చేసే) శిక్షణల కాగితాలన్నీ ఒక ఫైల్‌లో పెట్టు. రెండోది, నీకు అంతుచిక్కని ఆ ఒక్క పిల్ల ఎవరో, రోజంతా ఏం చేస్తుందో నాకు రాయి. ఏ శిక్షణ పనికొస్తుందో కలిసి చూద్దాం.