ఫౌజీ డైరీని పుస్తకం చేయాలంటే

ప్రశ్న: మా బాపు 1971 యుద్ధంలో పశ్చిమ సరిహద్దున సిపాయి. ఆయన డైరీని పుస్తకంగా వేసి, సైనిక రచనలకిచ్చే జాతీయ పురస్కారానికి పంపాలనుంది. ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చెదలు పట్టకముందే ఇలాంటి డైరీలు అచ్చు కావాలి. మంచి పని తలపెట్టారు. ముందు తేదీలు సరిచూడండి. అక్కడ యుద్ధం డిసెంబర్ 3న మొదలై 17న ఆగింది. 16 ఢాకాలో లొంగుబాటు జరిగిన రోజు. చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. డైరీలో తేడా ఉంటే దిద్దకండి, అలాగే ఉంచి కింద వివరణ ఇవ్వండి. హోదా కూడా అంతే: హవల్దార్‌గా రిటైరైనా, ఆనాటికి సిపాయి అయితే సిపాయి అనే రాయాలి.

రిటైరైనవారికీ 1923 నాటి అధికార రహస్యాల చట్టం వర్తిస్తుంది. కోడ్ పదాలు, చేత్తో గీసిన సైనిక పోస్టుల మ్యాపులు ఉంటే అనుమతి తీసుకున్నాకే అచ్చుకివ్వండి.

ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే ప్రత్యేక నంబరు) ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. అచ్చు పుస్తకానికీ ఈ-బుక్‌కూ వేర్వేరు నంబర్లు తీసుకోవాలి. ఇక పురస్కారానికి పంపేటప్పుడు ప్రచురణ సంవత్సరం దగ్గర జాగ్రత్త. డిసెంబర్‌లో అచ్చేసి జనవరిలో ఆవిష్కరిస్తే, సాధారణంగా లోపలి పేజీలో ఉన్న ఏడాదినే చూస్తారు. పురస్కార ప్రకటన చదివాకే ఆ పేజీ ఖరారు చేయండి. తెలుగు పుస్తకం తీసుకుంటారా, అనువాదం అడుగుతారా అన్నదీ అందులోనే చూసుకోండి.