గెకో కాలివేళ్లు అదురుతున్నాయి.. పిల్లల కాల్షియం సిరప్ వేయొచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడ. మా అబ్బాయి 8 నెలల లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లిని పెంచుతున్నాడు. బరువు 35 గ్రాములు. మొదటి నుంచీ మేతగా అమ్మే పురుగులైన మీల్‌వార్మ్‌లే పెడుతున్నాం. పది రోజులుగా పొట్ట నేలకు ఆనించి పాకుతోంది, దవడ మెత్తగా తగులుతోంది. నిన్నటి నుంచి కాలివేళ్లు అదురుతున్నాయి. పాప కోసం తెచ్చిన కాల్షియం సిరప్ ఇంట్లో ఉంది. రెండు చుక్కలు వేయొచ్చా?

జవాబు: సిరప్ వద్దు. ఈ రోజే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. దవడ మెత్తబడటం వారాల తరబడి సాగిన కాల్షియం లోపానికి గుర్తు. వేళ్లు అదరడం మాత్రం రక్తంలోనే కాల్షియం పడిపోయిందనడానికి గుర్తు. అది మూర్ఛ దాకా పోవచ్చు, గుండె లయా తప్పవచ్చు.

మీల్‌వార్మ్‌లో కాల్షియం కంటే ఫాస్ఫరస్ పది రెట్లకు పైగా ఉంటుంది. గెకోకు కావలసింది దీనికి తలకిందులు: ఫాస్ఫరస్ ఒక పాలైతే కాల్షియం రెండు పాళ్లు. తిండిలో కాల్షియం చాలనప్పుడు పారాథైరాయిడ్ హార్మోను ఎముకల్లోంచి తోడి రక్తానికి సర్దుతుంది. అందుకే చాలాకాలం పైకి ఏమీ తెలియదు. ఎముక గుల్లబారి, ఇక తోడటానికి మిగలనప్పుడు ఈ అదురు మొదలవుతుంది. కాబట్టి రక్తపరీక్ష ఒక్కటే చాలదు, ఎక్స్‌రే కూడా తీయించండి. కుక్కలు, పిల్లులు మాత్రమే చూసే క్లినిక్‌లు ఎక్కువ. సరీసృపాలకు చికిత్స చేస్తారో లేదో ఫోన్‌లో అడిగాకే బయల్దేరండి.

ఇక సిరప్ సంగతి. 15 కిలోల పాపకు 5 మి.లీ. మోతాదు అనుకుంటే, బరువు లెక్కన 35 గ్రాముల ప్రాణికి వచ్చేది 0.01 మి.లీ.కి కాస్త పైన. రెండు చుక్కలంటే ఇంచుమించు 0.1 మి.లీ., అంటే 8 రెట్లకు పైగా. చాలా సిరప్‌లలో విటమిన్ డి3 కూడా ఉంటుంది. అది మితిమీరితే కాల్షియం మూత్రపిండాల్లో, రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. పైగా కొన్నింట్లో కాల్షియం ఫాస్ఫేట్ రూపంలో ఉంటుంది. ఇప్పటికే ఎక్కువైన ఫాస్ఫరస్‌ను మనమే ఇంకా పోసినట్టవుతుంది. ఆత్రంలో తల్లిదండ్రులు చేసే పొరపాటే ఇది. మీరు ముందే అడిగి మంచిపని చేశారు.

తీసుకెళ్లేటప్పుడు గాలి ఆడే చిన్న డబ్బాలో టిష్యూ పేపర్ పరచి, కింద అరచేయి పెట్టి ఎత్తి ఉంచండి. తోక పట్టుకోవద్దు, నోరు తెరిపించే ప్రయత్నం అసలే వద్దు, మెత్తబడిన దవడ విరిగిపోతుంది. ఒంట్లో నీరు తగ్గి ఉంటే డాక్టర్ ముందు ఒంటిని వెచ్చబరిచి ద్రవాలు ఎక్కిస్తారు, తర్వాత బరువు చూసి కాల్షియం ఇంజెక్షన్ ఇస్తారు. అదురు ఆగాక నోటి మందు మొదలవుతుంది. దాన్ని ముక్కు కొన మీద చుక్కగా వేస్తే తనే నాకేస్తుంది.

ఇంటికి వచ్చాక మొదట చూడాల్సింది వేడి. ఒళ్లు చల్లబడితే తిన్నది అరగదు, కాల్షియం ఒంటికి పట్టదు. తొట్టిలో మూడో వంతు కింద హీట్ మ్యాట్ వేసి, థర్మోస్టాట్‌తో ఆ పక్క నేల 31–33 డిగ్రీలు, చల్లటి పక్క 24–26 డిగ్రీలు ఉండేలా చూడండి. విశాఖలో వేసవి కాబట్టి మ్యాట్ అక్కర్లేదనుకుంటారు. రాత్రి ఏసీ వేసిన గదిలో తొట్టి కూడా చల్లబడుతుందని మరవకండి. ఎక్కే రాళ్లు, కొమ్మలు తీసేయండి, పడితే ఎముక విరుగుతుంది. ఇసుక తీసి టిష్యూ పరచండి. ‘కాల్షియం ఇసుక’ పేరుతో అమ్మేదీ వద్దు. లోపమున్న గెకో దాన్ని నాకి మింగేస్తుంది, పేగు కదలిక అప్పటికే మందగించి ఉంటుంది కాబట్టి అది లోపలే గడ్డకడుతుంది.

తిండి మారాలి. కీచురాళ్లు, డుబియా బొద్దింకలు తెచ్చి, పెట్టే ముందు 24–48 గంటలు వాటికి మునగాకు, క్యారెట్ మేపండి. పాలకూర వద్దు, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేస్తుంది. తర్వాత పురుగులను ప్లాస్టిక్ కవర్లో వేసి, చిటికెడు కాల్షియం కార్బొనేట్ పొడి చల్లి, తెల్లగా పట్టేలా కుదిపి వెంటనే పెట్టండి. ఆలస్యమైతే కీచురాళ్లు ఒళ్లు శుభ్రం చేసుకుని పొడంతా రాల్చేస్తాయి. డి3 లేని పొడి ప్రతి మేతకూ, డి3 ఉన్నది వారానికి ఒకసారి, మల్టీవిటమిన్ రెండు వారాలకోసారి. చికిత్స నడిచినన్నాళ్లు డాక్టర్ చెప్పిన కొలతే పాటించండి. మన సముద్రపు గాలికి పొడి ముద్దకట్టి పురుగుకు అంటదు. బిగుతు మూత సీసాలో సిలికా జెల్ పొట్లం వేసి దాచండి, తెరిచిన డి3 పొడిని ఆరు నెలలకు మించి వాడకండి.

కిటికీ ఎండ సరిపోదు, ఒంట్లో డి3 తయారు కావడానికి కావలసిన యువిబిని (ఒక రకం అతినీలలోహిత కిరణాలు) గాజు అడ్డుకుంటుంది. గాజు తొట్టిని బాల్కనీ ఎండలో పెడితే నిమిషాల్లో లోపల ఉడికిపోతుంది. ఆ పని ఎప్పుడూ చేయకండి. కోలుకున్నాక 5–7 శాతం యువిబి ట్యూబ్ పెట్టి, కింద దాక్కునే నీడ ఉంచి, ఏడాదికోసారి మార్చండి. మీది అల్బినో (ఒంట్లో నల్ల వర్ణకం లేని) రకమైతే డాక్టర్ని అడిగాకే పెట్టండి, వాటి కళ్లు వెలుగును తట్టుకోలేవు.

చికిత్స సకాలంలో అందితే అదురు కొద్ది రోజుల్లో ఆగుతుంది, ఆకలి వారం రెండు వారాల్లో తిరిగొస్తుంది. ఎముక గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. వంగిన కాలు, వెన్ను పూర్తిగా సరి కాకపోవచ్చు, అయినా హాయిగా బతుకుతుంది. నగల తూకం చేసే చిన్న కాటాతో వారానికోసారి బరువు రాసిపెట్టండి. ఆడదైతే, పొట్ట అడుగున తెల్లటి అండాకారాలు కనిపిస్తే అది ముందుగా చెప్పండి, గుడ్లకు పోయే కాల్షియం వల్ల చికిత్స మోతాదు మారుతుంది.