ఆయనకి సముద్రం కావాలి, నాకు బడి దగ్గరుండాలి

ప్రశ్న: మా వారికి సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి బదిలీ అయింది. మూడు నెలల్లో మారాలి, ఎలాగూ మారుతున్నాం కదా అని ఇల్లు కొనేద్దామంటున్నారు. ఆయనకి ఊరి శివారులో బీచ్ రోడ్డు చివర, మేడ మీంచి సముద్రం కనిపించే ఇల్లు నచ్చింది. నాకేమో అక్కడికి రెండున్నర కిలోమీటర్లు లోపలికి, బడికి దగ్గరగా ఉన్న పాత కాలనీ నచ్చింది. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి నాలుగు. అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. నేనేం చెప్పినా 'నీకు సంతోషంగా బతకడం తెలీదు' అంటారాయన. రోజూ గొడవే. నేను స్వార్థంగా ఆలోచిస్తున్నానా? ఇంకో మాట, మేం చూడ్డానికి వెళ్లిన రోజు ఆ కాలనీలో అరుగు మీద కూర్చున్న ఒకావిడ నా పేరడిగింది. ఎందుకో అది గుర్తుండిపోయింది.

జవాబు: ఆ చివరి మాటతోనే మొదలుపెడతాను, మీ ఉత్తరం మొత్తంలో నాకు నిజంగా వినిపించింది అదే. బడి దూరం, అత్తగారి మోకాళ్లు అన్నీ ముందు రాసి, ఒకావిడ పేరడిగిందన్న సంగతి చివర్లో, అదేదో చిన్న విషయమన్నట్టు రాశారు. కొత్త ఊళ్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనుషుల్లేకుండా ఉండాల్సి వస్తుందేమోనని భయపడుతున్నారు మీరు. ఈ మాట మీ ఆయనకి చెప్పారా? చెప్పి ఉండరనే నా అనుమానం. మీరు ఆయన ముందు బడి సంగతి పెట్టారు, ఎందుకంటే బడి అంటే ఎవరూ కాదనలేరు కదా. ఆయన మాత్రం తక్కువ తిన్నారా, తన కోరికకి 'సంతోషం' అని పేరు పెట్టుకున్నారు. దాన్నీ ఎవరూ కాదనలేరు. అసలు సంగతి ఇద్దరూ బయటపెట్టనప్పుడు ఆ గొడవ తెగదు.

అందుకని ఆయన్ని ఒక్కటే అడగండి, వాదించడానికి కాదు, తెలుసుకోవడానికి. ఆ మేడ మీద మిమ్మల్ని మీరు ఏ రోజు, ఏ టైముకి ఊహించుకుంటున్నారు అని. ఆదివారం పొద్దున అంటారు బహుశా, లేదా ఆఫీసు నుంచి వచ్చాక చీకటి పడే వేళ అంటారు. మీ కళ్ల ముందున్నది మంగళవారం ఎనిమిది గంటలు, ఒకరికి షూ దొరకదు, ఇంకొకరు ఏడుస్తుంటారు. ఇద్దరు చూస్తున్నదీ నిజమే. కాకపోతే ఆదివారం వారానికి ఒక్కసారే వస్తుంది.

స్వార్థమా అని అడిగారు. పిల్లల్ని రోజూ తీసుకెళ్లి తీసుకొచ్చేది మీరే అయితే ఆ దూరం గురించి మాట్లాడే హక్కు అందరికన్నా మీకే ఎక్కువ. అది స్వార్థం కాదు. అయితే ఒకటి గమనించారా, ఆ ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ ఉండబోయేది మీరూ కాదు, ఆయనా కాదు, అత్తగారు. ఆవిడకి ఏ ఇల్లు నచ్చిందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మోకాళ్లు మాత్రమే ఉన్నాయి.

ఇక ఇళ్ల సంగతి. మీరు రెండింటినీ సెలవు రోజు పొద్దున్నే చూసి ఉంటారు, చూపించేవాళ్లు తీసుకెళ్లేది అప్పుడే. నేనూ ఒకప్పుడు అలాగే చూసి మురిసిపోయి, చేరాక రెండేళ్లు ఏడ్చాను. పనిరోజు సాయంత్రం ఐదున్నరకి వెళ్లండి. వీధిలో పిల్లలున్నారా? సైకిళ్లు బయట పడేసి ఉన్నాయా? పెద్దవాళ్లు నడవడానికి రోడ్డు పక్కన చోటుందా, లేక బళ్లు రయ్యిమని పోతున్నాయా? మళ్లీ రాత్రి తొమ్మిదికి వెళ్లి కిటికీల్లో ఎన్ని దీపాలు వెలుగుతున్నాయో చూడండి. బీచ్ రోడ్లలో ఇదే పెద్ద చిక్కు, చాలా ఇళ్లు సెలవులకి వచ్చేవాళ్లకి అద్దెకిచ్చేవి అయి ఉంటాయి. సీజన్లో మూడు రోజులకో కొత్త ముఖం, సీజన్ అయిపోతే వీధి సగం చీకటి. అలాంటి చోట మీ బాబుకి స్నేహితుడు దొరకడం కష్టం, అర్ధరాత్రి పాపకి జ్వరం వస్తే తలుపు కొట్టడానికి పక్కింట్లో ఎవరూ ఉండరు. ఉంటే మాత్రం, పక్కనే నాలుగు కాపురాలుండి వాళ్లకీ పిల్లలుంటే, నేను బీచ్ రోడ్డు వైపే మాట్లాడతాను.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెప్తాను. రెండున్నర కిలోమీటర్లు లోపలికుంది కాబట్టి మీ కాలనీ క్షేమం అనుకోకండి. సముద్రం పక్కన దూరం కన్నా ఎత్తు ముఖ్యం. చాలా తీరాల్లో రోజుకి రెండుసార్లు పోటు వస్తుంది, అమావాస్యకీ పౌర్ణమికీ ఇంకాస్త పైకి వస్తుంది. ఆ టైములో గట్టి వాన పడిందంటే కాలువల్లో నీళ్లు సముద్రంలోకి పోలేవు, ఒక్కోసారి ఎదురు తిరిగి పైకి తన్నుకొస్తాయి కూడా. అప్పుడు ఇసుక దిబ్బ మీద ఉన్న ఒడ్డు ఇల్లు పొడిగా ఉండి, ఏటి పక్కన పల్లంలో ఉన్న లోపలి కాలనీ మోకాళ్ల లోతు మునగడం జరుగుతుంది. కాబట్టి అక్కడివాళ్లని 'ఇక్కడ నీళ్లొస్తాయా' అని అడగొద్దు, 'అబ్బే' అనేస్తారు. 'పోయినసారి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి' అని అడగండి, చెయ్యి పెట్టి చూపిస్తారు. మిమ్మల్ని పేరడిగినావిడ ఉన్నారుగా, ఆవిడనే అడగండి.

ఇరవై ఏళ్ల లోను మీద కొంటున్నప్పుడు ఇరవై ఏళ్ల సముద్రాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచమంతటా సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది, 2006 నుంచి 2018 వరకు చూస్తే ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున. వినడానికి గోరంత, కానీ తుపాను తెచ్చే ఉప్పెన ఆ పెరిగిన నీటి మీదే లేచి వస్తుంది. ఒడ్డు కోతకి గురవుతోందా అన్నది కూడా కనుక్కోండి. పదిహేనేళ్ల కిందటి ఉపగ్రహ చిత్రం, ఇప్పటిది పక్కపక్కన పెట్టి చూస్తే ఇసుక ఎంత తగ్గిందో తెలిసిపోతుంది. ఇది మీ ఆయనకే అప్పజెప్పండి, ఆయన కళ్లతో ఆయన చూసుకుంటే మీరు వేరే చెప్పక్కర్లేదు.

బీచ్ ఇంట్లోకి వెళ్లినప్పుడు సముద్రం వైపు తర్వాత చూద్దురు గానీ, ముందు తల పైకెత్తి బాల్కనీ కప్పు కింద, సన్‌షేడ్ల అడుగున చూడండి. ఉప్పు గాలి కాంక్రీటులోకి దిగి లోపలి చువ్వల్ని తుప్పు పట్టిస్తుంది, ఇనుము కన్నా తుప్పుకి ఎక్కువ చోటు కావాలి కాబట్టి అది ఉబ్బి కాంక్రీటు పెచ్చులూడుతుంది. అమ్మేముందు గోడలకి రంగు కొడతారు గానీ, అడుగు భాగాలు చాలామంది వదిలేస్తారు. కిటికీ బందులు, గ్రిల్లు, ఏసీ బయటి పెట్టె ఎలా ఉన్నాయో చూస్తే నెలనెలా ఎంత పని పడుతుందో అర్థమవుతుంది. బోరుంటే నీళ్లు ఉప్పగా ఉన్నాయేమో ఒక చుక్క నోట్లో వేసుకుని చూడండి.

దారులు ఎన్నున్నాయో చూడండి. రోడ్డు చివరి ఇల్లంటున్నారు, అంటే బయటికి ఒక్కటే దారా? తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మోకాళ్లు పట్టేసిన పెద్దావిడతో, ఇద్దరు పిల్లలతో ఆ ఒక్క దారిలోనే అందరితో పాటు కదలాలి. సెలవు రోజుల్లో అదే దారి కార్లతో నిండిపోతే అంబులెన్సు ఎలా వస్తుంది? ఆయన ఇంట్లో లేని రోజున ఇదంతా మీరొక్కరే చెయ్యాల్సి వస్తే చెయ్యగలరా?

పాప గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో నీట మునిగే ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది 1 నుంచి 4 ఏళ్ల పిల్లలకి. చిన్నపిల్లలు మునిగేటప్పుడు అరవరు, చేతులు ఊపరు, చప్పుడే ఉండదు. పాప అందుకోలేని గడియ ఉన్న గేటు లేని ఇల్లు ఏదైనా సరే, నేనైతే తీసుకోను, అది సముద్రం పక్కనైనా కాలువ పక్కనైనా. బాబుకి మాత్రం ఈత నేర్పించండి. రిప్ కరెంట్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి పోయే బలమైన ప్రవాహం, లోపలికి లాగితే దానికి ఎదురీదకుండా ఒడ్డుకి సమాంతరంగా ఈదాలని కూడా చెప్పండి. 2004 డిసెంబర్ 26న థాయ్‌లాండ్‌లో ఫుకెట్ దీవిలోని ఒక బీచ్‌లో పదేళ్ల బ్రిటిష్ పాప, బడిలో చెప్పిన పాఠం గుర్తొచ్చి, నీళ్లు నురగలు కక్కుతూ వింతగా కదలడం చూసి సునామీ వస్తోందని పెద్దవాళ్లని హెచ్చరించింది, ఆ బీచ్‌లో ఉన్నవాళ్లు బయటపడ్డారు. సముద్రం పక్కన పెరిగే పిల్లలకి సముద్రం భాష రావాలి, ఇల్లు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నా.

నన్నడిగితే ఈ మూడు నెలల్లో ఏదీ కొనకండి. ముందు అద్దెకి ఉండండి. వానలు, తుపానులు వచ్చే నెలలు ఒకసారి అక్కడ గడిపితే ఏ వీధి మునుగుతుందో ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది. అద్దె పాత కాలనీలోనే తీసుకోండి, ఎందుకంటే కొత్త చోట మొదటి ఏడాది మీకు మనుషులు కావాలి. ఇది మీరు గెలిచినట్టు కాకూడదు. ఆదివారం పొద్దున్న సముద్రం ఆయనది, మీరూ పిల్లలూ వెంట వెళ్లాలి, 'ఇంట్లో పనుంది' అనకూడదు. రెండున్నర కిలోమీటర్లంటే సైకిల్ మీద పది పదిహేను నిమిషాలు. ఆయన ఒప్పుకోకపోతే ఒక పనిరోజు సెలవు పెట్టించి, బీచ్ ఇంటి ముందు నుంచి ఎనిమిది గంటలకి పిల్లల్ని ఎక్కించుకుని బడిదాకా ఆయన్నే నడపమనండి, పక్కన అత్తగారిని కూర్చోబెట్టండి. తిరిగొచ్చాక 'చూశారా' అనకండి, దయచేసి.

అన్నిటికన్నా ముందు మాత్రం, ఇవాళో రేపో, ఆయన కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు ఆ పేరడిగినావిడ గురించి చెప్పండి. బడి సంగతి ఎత్తకుండా చెప్పండి. ఈలోగా రెండిళ్లలో దేనికీ అడ్వాన్స్ ఇవ్వనివ్వకండి.